మస్తాన్ భాయ్ మొదట పిలిచిన పేరు

మా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో కొత్త భవనం కోసం నేల చదును చేస్తున్నారు. పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు వచ్చి దుమ్ము లేవకుండా ఆ నేలంతా తడిపి వెళుతుంది. ఒమాన్‌లో మా ఆఫీసున్న ఈ అల్ ఖువైర్‌లో కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం గగనం కాబట్టి నేను రోజూ ఆ స్థలం అంచునే ఆపుతాను. మొన్న కారు దిగుతుంటే తడిసిన ఇసుక వాసన గుప్పున ముక్కుకు తగిలింది. చేతిలో ఫైళ్ళు, మెడలో కంపెనీ కార్డు, అవతల మీటింగుకు ఆలస్యం. అయినా కాసేపు అక్కడే నిలబడిపోయాను. కాళ్ళకు బూట్లు లేనట్టు, పక్కనున్నవాడెవడో నా మణికట్టు పట్టుకుని ఉన్నట్టు అనిపించింది. ఒమాన్‌లోనే సహం అనే ఊళ్ళో నేను పని చేసిన రోజుల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం మా కబడ్డీ బరిని ఇట్లాగే తడిపేవాళ్ళు. తడిపేది మస్తాన్ భాయ్. ఈ నాలుగు మాటలూ ఆయన గురించే.

మస్తాన్ భాయ్‌ది కడప. సహంలో ఒక కంపెనీకి నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. మనిషి లావు, గొంతు అంతకంటే లావు. మాతో తెలుగు, తన రూమ్‌లో దక్కనీ ఉర్దూ, పోలీసు చెక్‌పోస్టు దగ్గర అరబ్బీ మాట్లాడేవాడు గానీ మూడు భాషల్లోనూ అరుపు ఒకటే. అణకువ అనేది ఆయన దరిదాపులకు కూడా రాలేదు. కుర్రతనంలో తాను ఆడిన కబడ్డీ గురించి చెప్పడం మొదలుపెడితే, పోయిన వారం ముగ్గురిని పడగొట్టిన కథలో ఈ వారం అయిదుగురు పడిపోయేవాళ్ళు. పండగకు ఆయన వండే బిర్యానీ అడుగంటకుండా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. 'అడుగు మాడితేనే రుచి' అని దబాయించి మాకు వడ్డించేవాడు. ఇవన్నీ ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఆ తర్వాత నేను ఆయన్ను పొగడడం తప్ప ఇంకేమీ చేయలేను.

నేను జగిత్యాల వైపు నుంచి స్టీల్ ఫిక్సరు వీసా మీద సహం వచ్చాను. డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణి. కమ్మీలు మోయడం, వంచడం, కట్టడం నా పని. శుక్రవారం వస్తే రూమ్‌లో గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పి, మళ్ళీ గోడ వైపు తిరిగేవాణ్ణి. నా పక్క మంచం యాదగిరి. నిర్మల్ మనిషి, నాకంటే పెద్దవాడు, మస్తాన్ భాయ్ జట్టులో ఆడేవాడు. ఒక శుక్రవారం నా దుప్పటి లాగి, "ఏందిరా లక్ష్మణ్, గోడకేమన్న సినిమా నడుస్తున్నదా? లే, గ్రౌండ్‌కు పోదాం" అన్నాడు. ఊళ్ళో నేనూ అందరిలాగే కబడ్డీ ఆడాను. అంతకుమించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అయినా లేచి వెళ్ళాను.

ఖర్జూరం తోట పక్కన, ఒక ఒమానీ అర్బాబు, అంటే ఆ భూమి యజమాని, మా కోసం వదిలిపెట్టిన ఇసుక నేల అది. చలికాలమంతా అక్కడ తెలుగువాళ్ళ పోటీలు జరిగేవి. కంపెనీకి ఒక జట్టు పెడితే ఆట కాస్తా కంపెనీల తగువు అవుతోందని, పాతవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఏడూ కొత్తగా దిగినవాళ్ళందరినీ బరి మధ్యలో కూర్చోబెట్టి, కెప్టెన్లు వంతులవారీగా ఒక్కొక్కరి పేరు పిలిచి తీసుకుంటారు. ఎవరు ముందో చీటీ తీసి తేలుస్తారు. దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉండేది. ఆ ఏడు అందరికంటే ఆఖరున నిలిచిన జట్టును విప్పేస్తారు. ఆటగాళ్ళను మిగతా కెప్టెన్లు పంచుకుంటారు. ఆ జట్టు కెప్టెన్ ఒక ఏడాది బయట కూర్చుని, తర్వాతి ఏడు కొత్తవాళ్ళతో మొదటినుంచి కట్టుకోవాలి. అంతకు ముందు ఏడు మస్తాన్ భాయ్ జట్టు తృటిలో ఆ గతి తప్పించుకుంది. ఈసారి జారితే అంతే సంగతులు. కొన్నేళ్ళుగా చేర్చుకున్న మనుషులు చెల్లాచెదురు అవుతారు.

అట్లాంటి ఏడు చీటీలో మొదటి వంతు మస్తాన్ భాయ్‌కి వచ్చింది. కొత్తవాళ్ళలో నరేశ్ అని ఒకడున్నాడు. కరీంనగర్ వైపు పోటీల్లో పేరున్న కూతగాడు. అవతలి బరిలోకి కూత పెడుతూ వెళ్ళి, ఒకరిద్దరిని తాకి, చేప జారినట్టు జారి వచ్చేవాడు. ఏ జట్టైనా మొదట కూతగాణ్ణే తీసుకుంటుంది. పాయింట్లు తెచ్చేది వాడే, జనం ఈలలు వేసేదీ వాడికే. పట్టేవాళ్ళను ఆఖరున, కూరగాయలు కొన్నాక కొసరుకు కరివేపాకు అడిగినట్టు ఏరుకుంటారు. అందులోనూ కవర్ అనే చోటు ఒకటుంది. చివర నిలబడినవాడు కూతగాడి కాలు పట్టినప్పుడు, ఈ కవర్ వాడు పక్కవాడి చెయ్యి వదలకుండానే అడ్డం తిరిగి, కూతగాడికి మధ్య గీత అందకుండా ఆపాలి. ఒక చేత్తో తనవాణ్ణి, ఒంటితో అవతలివాణ్ణి చూసుకోవాలి. రెండేళ్ళు ఆడితే గానీ ఆ పని ఒంటబట్టదని అందరికీ తెలుసు. అంతకాలం ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

మస్తాన్ భాయ్ లేచాడు. నరేశ్ అప్పటికే ఆయన వైపు రావడానికి ఒక మోకాలు ఎత్తాడు కూడా. "లక్ష్మణ్" అన్నాడు మస్తాన్ భాయ్. నేను కదల్లేదు. ఇంకో లక్ష్మణ్ ఉన్నాడేమో అని వెనక్కి చూశాను. పక్క జట్టు కెప్టెన్ గంగన్న పగలబడి నవ్వాడు. "ఏంది భాయ్, ట్యాంకర్ల ఏసీ పనిజేస్తలేదా? ఎండ నెత్తికెక్కినట్టున్నది" అన్నాడు. "ఈడు నాకు కవర్‌కు కావల్లప్పా" అన్నాడు మస్తాన్ భాయ్ తాపీగా. "కవరోణ్ణి ఫస్ట్ తీస్కునుడు నా జిందగీల సూడలే" అంటూనే గంగన్న నరేశ్ పేరు పిలిచేశాడు. నేను లేచి మస్తాన్ భాయ్ దగ్గరికి ఆ పది అడుగులూ నా పెళ్ళి పీటల దాకా నడిచినదానికంటే కష్టంగా నడిచాను.

ఆ ఎంపిక అయ్యాక రోడ్డు పక్క మలయాళీ చాయ్ దుకాణంలో యాదగిరి ఆయన మీద విరుచుకుపడ్డాడు. నేను అక్కడే ఉన్నానన్న మొహమాటం కూడా లేదు. సంతలో గొడ్డు బేరం జరుగుతుంటే గొడ్డు నిలబడినట్టు నేను చాయ్ తాగుతూ నిలబడ్డాను. "నాకు లక్ష్మణ్ తోని పంచాయతి లేదు భాయ్, మా రూమోడే. గని పట్టేటోడు ఆఖర్ల గూడ దొరుకుతడు. నరేశ్ అసొంటోడు మళ్ళ దొరుకుతడా? మన జట్టుకు కూతగాడే లేడాయె. జట్టు ఇప్పేస్తే ఏంజేస్తవు?" అన్నాడు. మస్తాన్ భాయ్ పరోటా తుంచుతూ, "మొన్న మీ సైటుకు నీళ్ళు దించను వచ్చినాను. వీళ్ళంతా కమ్మీల కట్ట మోస్తాండారు. అందురూ యాడ దించల్లనో ఆడికే సూస్తాండారు. ఈడొక్కడే ముందరోని కాళ్ళు సూసి నడుస్తాండాడు. ముందరోడు ఆగితే ఆగుతాడు, వాడు వంగితే వంగుతాడు. అది నేర్పిస్తే వచ్చేది కాదు యాదగిరీ" అన్నాడు. యాదగిరి తగ్గలేదు. "మంచిగనే ఉన్నది. గది రెండేండ్లకు పండుతది. మనకున్నది ఒక్క ఏడాది" అన్నాడు. దానికి మాత్రం మస్తాన్ భాయ్ ఇంకో పరోటా చెప్పాడు.

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే నేర్పడం మొదలైంది. మొదటి రోజే తన భుజం మీది ఎర్రగళ్ళ తువాలు తీసి నా ఎడమ మణికట్టును యాదగిరి కుడి మణికట్టుకు కట్టేశాడు. పొద్దుగూకే దాకా అట్లాగే ముందుకూ వెనక్కూ కదలమన్నాడు. యాదగిరికి నేనంటే అప్పటికే మంట, నాకు యాదగిరి అంటే భయం. ఒకడు ముందుకు లాగితే ఇంకొకడు పక్కకు లాగి, ఇద్దరం ఇసుకలో బోర్లా పడేవాళ్ళం. కట్టు విప్పకుండానే చాయ్‌కి పొమ్మనేవాడు. దుకాణం నడిపే మలయాళీ మమ్మల్ని చూసి పోలీసులు పట్టుకున్నారా అని అడిగాడు. యాదగిరి చాయ్ తాగితే నా చెయ్యి లేచేది, నేను చెమట తుడుచుకుంటే వాడి చాయ్ ఒలికేది. అట్లా కొన్ని వారాలు గడిచేసరికి వాడు ఎప్పుడు దూకుతాడో వాడి మణికట్టులో నరం బిగిసినప్పుడే నాకు తెలిసిపోసాగింది. ఆ సంగతి యాదగిరే మస్తాన్ భాయ్‌కి చెప్పాడు. కాస్త ముఖం ముడుచుకునే చెప్పాడు గానీ చెప్పాడు.

అయినా మ్యాచుల్లో నేను పనికిమాలినవాణ్ణే. కూతగాడు కనబడగానే ఆగలేక ముందే దూకేవాణ్ణి. అట్లా దూకిన ప్రతిసారీ మస్తాన్ భాయ్ ట్యాంకరు నిచ్చెన మీద నుంచి బరి అదిరేట్టు అరిచేవాడు. ఆట అయ్యాక మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు. "ఎన్నిసార్లు దుంకినావో అన్నిసార్లు నేర్చుకున్నావు పో" అని ట్యాంకరు గొట్టం విప్పి మా కాళ్ళు కడుక్కోమనేవాడు. చలికాలం సగం దాటేసరికి నేను కుదురుకున్నాను. మా పట్టు గట్టిపడింది. కానీ పట్టినంత మాత్రాన సరిపోదు కదా, అవతలి నుంచి పాయింట్లు తేవాలి. తెచ్చేవాడు మాకు లేడు. అటు గంగన్న జట్టులో నరేశ్ ప్రతి శుక్రవారం ఈలలు వేయించుకుంటున్నాడు. ఆఖరి మ్యాచ్ గెలిస్తే నిలుస్తాం, ఓడితే విప్పేస్తారు. ఆ రోజు మేము అవతలివాళ్ళను ఎంత గట్టిగా పట్టామో నాకు ఇప్పటికీ గుర్తుంది. అయినా ఓడిపోయాం. మావాళ్ళు కూతకు వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే దొరికిపోయారు. యాదగిరి చెప్పినట్టే జరిగింది. చెప్పినట్టే జరిగిందని యాదగిరి అనలేదు. ఇసుకలో కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

జట్టు విప్పడంలో కూడా ఒక మర్యాద ఉండేది. ఓడిన కెప్టెనే తన ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అందరి ముందూ వాడు దేనికి పనికొస్తాడో చెప్పాలి. ఆ తర్వాతే మిగతా కెప్టెన్లు వంతులు వేసుకుని తీసుకుంటారు. దానికి అప్పగింత అనేవాళ్ళు. అప్పగింతకు ముందు యాదగిరి, మస్తాన్ భాయ్‌ని పక్కకు తీసుకెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నాడు. "భాయ్, లక్ష్మణ్ గురించి ఎక్కువ జెప్పకు. కొత్తోడు, ఇంక పచ్చిగున్నడు అను సాలు. ఎవ్వడు పట్టించుకోడు. వచ్చే ఏడు ఉత్తగ కూసుంటడు. ఆ పై ఏడు నువ్వు మళ్ళ జట్టు కట్టంగనే మనకే వస్తడు. నువ్వు కష్టపడి నేర్పినవు, ఫలితం ఇంకోనికెందుకు?" అన్నాడు. నాకు ఆ ఉపాయం నచ్చింది. నిజంగా నచ్చింది. మస్తాన్ భాయ్‌ని వదిలి వెళ్ళాలని నాకు లేదు. మస్తాన్ భాయ్ నా వైపు చూసి, "ఏమప్పా, ఏడాదంతా కూసుంటావా?" అని అడిగాడు. "కూర్చుంటా భాయ్" అన్నాను. ఆయన బరిలోకి నడిచాడు.

ఒక్కొక్కరినీ తీసుకొచ్చి చెప్పాడు. యాదగిరి చెయ్యి పట్టుకున్నప్పుడు చెప్పిందే రెండుసార్లు చెప్పాడు. నా వంతు ఆఖరున వచ్చింది. నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. "ఈ ఏడు ఈడు మీకు అగుపడలేదు. జట్టు ఓడింది గదా, ఎట్లగుపడతాడు? వచ్చే ఏడు అగుపడతాడు. ఇయ్యాల ఫస్ట్ వంతు ఎవురిదో వాళ్ళు ఈన్ని తీసుకోండి. తీసుకోకుంటే తర్వాత ఏడ్సుకుంటారు. నేను ఈన్ని ఎందుకు ఫస్ట్ తీసుకుంటినో అప్పుడు తెలుస్తాది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మొదటి వంతు గంగన్నది. గంగన్న తల గోక్కున్నాడు, నరేశ్‌ని ఏదో అడిగాడు, చివరికి నా పేరు పిలిచాడు. మస్తాన్ భాయ్ నా చేతిని తీసి గంగన్న చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఇరవయ్యారేళ్ళవాణ్ణి, అందరి ముందూ ఏడ్చాను. అందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

రెండో ఏడు మస్తాన్ భాయ్‌కి జట్టు లేదు. అయినా శుక్రవారం రాగానే ట్యాంకరు వచ్చేది, బరి తడిసేది. డ్యూటీ అయ్యాక నన్ను పిలిపించుకుని ఇంకా నేర్పుతూనే ఉన్నాడు. యాదగిరి వేరే జట్టుకు వెళ్ళాడు కాబట్టి నేను పట్టుకోవలసిన చెయ్యి మారింది. కొత్త చెయ్యి నాకు అర్థం కావడం లేదని గునిస్తే, "చేతిదేముండాది? ఆ మనిషిని సూడు. వాడు దేనికి బయపడతాడో కనుక్కో. ఆ బయమప్పుడే చెయ్యి బిగుస్తాది" అన్నాడు. పరాయి జట్టువాడికి నేర్పడమేమిటని కొందరు సణిగారు. "నాకు జట్టే లేదు, ఇంగ పరాయోడెవుడప్పా?" అని వాళ్ళ నోళ్ళు మూయించాడు.

ఆ ఏడు నేను నిజంగానే ఆటగాణ్ణయ్యాను. మా జట్టు ఫైనల్‌కు వెళ్ళింది. ఆఖరి కూతకు వచ్చినవాడు తప్పించుకుంటే ఓడిపోతాం. మా చివరివాడు కాలు దొరకబుచ్చుకున్నాడు. కూతగాడు వాడిని ఈడ్చుకుంటూనే గీత మీదికి దూకాడు. నేను చెయ్యి వదల్లేదు, ముందే దూకలేదు. వాడి ఛాతీకి అడ్డం తిరిగాను. వాడి వేళ్ళు గీతకు జానెడు ఇవతల ఆగిపోయాయి. జనమంతా కాలు పట్టినవాణ్ణి భుజాలకెత్తుకున్నారు. అది న్యాయమే, పట్టింది వాడే. నేను మాత్రం ట్యాంకరు వైపు చూశాను. నిచ్చెన మీద మస్తాన్ భాయ్ చేతులూపుతూ గావుకేకలు పెడుతున్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాడని మురిసిపోయాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, విజిల్ ఆలస్యంగా వేశాడని రిఫరీని తిడుతున్నాడు.

తర్వాతి ఏడు ఆయన జట్టు కట్టుకోవాలి. నేను గంగన్నతో మాట్లాడుకుని, ఎట్లాగైనా బయటపడి మళ్ళీ ఆయన దగ్గరికి చేరాలని లెక్కలు వేసుకుంటున్నాను. ఈలోగా కంపెనీ పాత డ్రైవర్ల వీసాలు క్యాన్సిల్ చేసింది. వయసు మీరిందన్నారు. మస్తాన్ భాయ్ ఇంటికి వెళ్ళిపోవలసి వచ్చింది. నేర్పిన ఆట పండాక దాన్ని తన జట్టులో ఒక్క మ్యాచ్ కూడా చూసుకోకుండానే వెళుతున్నాడు. సామాను కట్టే రోజున అడిగేశాను. "భాయ్, నన్ను కాకుండా నరేశ్‌ను తీసుకుని ఉంటే జట్టు నిలిచేది కదా?"

"నిలిచేది" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జట్టును సూసుకోవల్లంటే నరేశ్‌నే తీసుకోవల్ల. యాదగిరి సెప్పిందే నిజం." పెట్టె మీద మోకాలు పెట్టి తాడు బిగిస్తూ మళ్ళీ అన్నాడు. "కానీ ఒకటి సూడు. పట్టేటోన్ని ఎప్పుడూ ఆకర్నే తీసుకుంటాండారు. ఆకర్న తీసుకున్నోడు ఆకరోని మాదిరే ఆడతాడు నాయనా. ఒగసారన్నా ఎవురో ఒగరు ఫస్ట్ పిలిస్తే ఎట్లాడతాడో సూడల్లనుకుంటి. సూసినాను. ఇంగేం కావల్ల, ఆ తాడు ఇట్లియ్." నేను తాడు ఇచ్చాను.

ఆయన వెళ్ళాక నేను కమ్మీల దగ్గరి నుంచి పది మంది మీద ఛార్జిహ్యాండ్‌నయ్యాను, తర్వాత ఫోర్‌మన్‌ను, ఇప్పుడు ఈ అల్ ఖువైర్ ఆఫీసులో సూపర్‌వైజర్‌ను. కొత్త బ్యాచ్ దిగినప్పుడు పనివాళ్ళను ఎంచుకునే వంతు నాకు వస్తుంది. చేయి తిరిగినవాళ్ళను తీసుకుంటాను, తీసుకోకపోతే పని నడవదు. కానీ ప్రతిసారీ మొదటి పేరు మాత్రం ఇంకా పచ్చిగా ఉన్నవాడిదే పిలుస్తాను. పిలిచినప్పుడు వాళ్ళలో సగం మంది వెనక్కి తిరిగి చూస్తారు. మా మేనేజరుకు ఇది పిచ్చిగా కనిపిస్తుంది. నేర్చుకున్నాక వేరే కంపెనీకి పోతారంటాడు. పోతారు. పోయిన నెల, నేను రెండేళ్ళు దగ్గరుండి నేర్పిన శ్రీకాకుళం మనిషి ఒకడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, మంచి జీతమొస్తోందని వేరే కంపెనీకి మారాడు. మేనేజరు నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. నాకూ బాధే. ఆ మనిషి లేని లోటు మా సైటులో ప్రతి పూటా తెలుస్తోంది. అయినా అటువైపు ఫోర్‌మన్‌కు నేనే ఫోన్ చేసి, ఇతనికి బరువైన పని ఇవ్వండి, చేయగలడు, నమ్మండి అని చెప్పాను.

మొన్న తడి ఇసుక వాసన తగిలిన రోజు సాయంత్రం, కారులో కూర్చుని కడపకు ఫోన్ చేశాను. మస్తాన్ భాయ్‌కి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, అందుకని ఆయన ఇంకా గట్టిగా అరుస్తాడు. జరిగింది చెప్పాను. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టయిందని కాస్త ఏడుపుగొట్టుగానే చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను.

"ఆడ బాగ జేస్తాండాడా?" అని అడిగాడు.

"బాగా చేస్తున్నాడంట భాయ్. చేరిన వారానికే గ్యాంగ్‌కు పెద్దను చేశారంట."

"మరి ఏడుస్తావేందిరా?" అని అరిచాడు. ఆ అరుపుకు కారు పక్కన నడిచి వెళ్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. నేను ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.